ఒక్కటే గాడిపొయ్యి

మా పెద్దమ్మగారు పోయారన్న కబురు హాస్టలుకు టెలిగ్రాముగా వచ్చింది. మరునాటి వక్తృత్వ పోటీకి రాసుకున్న కాగితాలు మంచంమీదే వదిలేసి రావులపాలెం బస్సెక్కాను. బస్సు గోదావరి వంతెన దాటుతున్నప్పుడు నాకు ఏడుపు కంటె ముందు కోపం వచ్చింది. రేపు పదిమందీ చేరి ఆవిడ జీవితాన్ని "మహా బాగా పెట్టేవారు" అన్న ఒక్క మాటలో చుట్టేసి పక్కన పెడతారని నాకు తెలుసు. అనుకున్నట్టే జరిగింది. పెట్టినది తిననివారే ఆ మాట అనడం మాత్రం నేను ఊహించనిది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ వంటమనిషి కాదు. ప్రాథమిక పాఠశాలలో మా పేట పిల్లలందరిచేతా అక్షరాలు దిద్దించిన పంతులమ్మ. మా పేట క్రైస్తవులది. తాతల కాలంలో పరాయి చేలల్లో కూలికి వంగిన నడుములు, తండ్రుల కాలానికి బడి బల్లల దగ్గర నిటారుగా నిలబడ్డాయి. ఆ పేటలో పెళ్ళి కుదిరిందంటే పాస్టరుగారికి చెప్పిన వెంటనే పెళ్ళివారు వచ్చేది పెద్దమ్మగారి అరుగుమీదికే. భోజనంలో ఏమేమి ఉండాలో, ఎవరు వండాలో, ఎవరు వడ్డించాలో ఆవిడ తేల్చవలసిందే. తాడు కట్టిన కళ్ళజోడు పైకి జరుపుకొని, ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఆఖరి బంతిలో ఎవరు కూర్చుంటారో చెప్పండి."

"ఎవరుంటారండీ, గిన్నెలు తోమేవాళ్ళూ, మేళం వాళ్ళూ, మన ఆడవాళ్ళూ."

"ఆయ్. వాళ్ళకి బూరెలు వస్తాయా?"

"మిగిల్తే వస్తాయండి."

"మిగిల్తే వచ్చేదాన్ని భోజనం అనరండీ. వాళ్ళ ఆకు దగ్గర్నుంచి లెక్క మొదలెడదాం. మొదటి బంతివాళ్ళకి ఎలాగూ అందుద్ది."

సమానత్వం మీద నేను విశ్వవిద్యాలయంలో చాలా పుస్తకాలు చదివాను, వాటి బలంతో చాలామంది నోళ్ళు మూయించాను. కాని విందును ఆఖరి ఆకు నుంచి మొదటి ఆకుకు రచించవచ్చునన్న ఆలోచన ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మొదటి బంతికి నెయ్యి, ఆఖరి బంతికి నీళ్ళచారు పడే పెళ్ళిళ్ళను చూసి ఊరుకోవడం మనకందరికీ అలవాటే. ఆవిడకు ఆ అలవాటు కాలేదు.

గొప్పలకు పోయేవారిని ఆవిడ నవ్వుతూనే నేలకు దించేవారు. ఒకాయన పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కందా బచ్చలీ, పైన కోడికూర, పులావు అని వల్లిస్తూ ఉంటే, "బాబూ, పిల్లనిస్తున్నారా, హోటలు పెడుతున్నారా? రెండు కూరలు దింపేసి పెరుగు గట్టిగా పోయించండి, అందరూ మిమ్మల్నే తలుచుకుంటారు" అన్నారు. ఆయన కూడా నవ్వి, "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయారు. పెళ్ళిరోజున ఆవిడ ఆఖరి బంతిలోనే కూర్చునేవారు. బూరెకు బొటనవేలితో గుంట చేసి, అందులో నెయ్యి పోయించుకొని, అప్పుడు గాని వంట ఎలా కుదిరిందో చెప్పేవారు కాదు. చిన్నప్పుడు ఆవిడ పక్కన కూర్చోవడం కోసం నేను ఆకలిని చాలాసేపు బిగబట్టేదాన్ని.

ఇప్పుడు, సభ్యత పేరుతో మనం నోరెత్తని ఒక ఆచారం గురించి చెప్పాలి. మా పేట పెళ్ళిళ్ళకు ఊరి పెద్దలు వచ్చేవారు. అక్షింతలు వేసి, కుర్చీల్లో కూర్చొని, చల్లగా నాలుగు మాటలాడేవారు. భోజనం మాత్రం చేసేవారు కారు. వారికోసం దూరంగా మరొక పొయ్యి తవ్వించి, వారు ఒప్పుకొనే వంటవాణ్ణి అమలాపురం నుంచి తెప్పించి, కొత్త గిన్నెల్లో వేరే వండించే కుటుంబాలు ఉండేవి. అంత స్తోమత లేనివారు కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చేవారు. బొండానికి అంటు లేదట. చెట్టెక్కి దింపినవాడు మా పేటవాడు, భుజాన మోసి తెచ్చినవాడు మా పేటవాడు, కత్తితో చెక్కి చేతికిచ్చినవాడూ వాడే. ఆ చేయి తగిలిన నీళ్ళు గొంతు దిగుతాయి, అదే చేయి తగిలిన అన్నం దిగదు. ఇందులో తర్కం ఎక్కడ ఉందో చూపించగలవారు ఉంటే నేను ఏ వేదిక మీదనైనా వాదానికి సిద్ధం.

మా అక్క పెళ్ళి, అంటే పెద్దమ్మగారి ఒక్కగానొక్క కూతురి పెళ్ళి, కుదిరినప్పుడు ఈ ప్రశ్న ఆవిడ ఇంటికే వచ్చింది. పెదనాన్నగారు హైస్కూలు హెడ్మాష్టరు. పంచాయతీ ప్రెసిడెంటుగారిని స్వయంగా పిలిచి వచ్చారు. ఆ సాయంత్రం అరుగుమీద జరిగిన మాటలు నాకు బాగా గుర్తు.

"పెద్దవాళ్ళకి పక్క తోటలో వేరే పొయ్యి పెట్టిద్దామే. అమలాపురం వంటాయనతో మాట్లాడేను."

పెద్దమ్మగారు కూరలు తరుగుతున్నారు. ఆయన ఏది చెప్పినా "ఆయ్" అనే మనిషి ఆ రోజు అనలేదు.

"ఎందుకండీ?"

"వాళ్ళు తినొద్దా మరి?"

"తినొచ్చు. గాడిపొయ్యి మనింటి వెనకాలే తవ్వుతున్నారు కదా. అన్ని గుండిగలూ దానిమీదే ఎక్కుతాయి."

"నీకు తెలియందేవుంది. బడికి గదులు కావాలంటే ఆయన చుట్టూ తిరగాల్సినవాణ్ణి నేను."

"గదులు అడగండి, వద్దన్నానా? నా కూతురి పెళ్ళిలో రెండో పొయ్యి మాత్రం నన్నడక్కండి. మన వంట తక్కువదని మన చేత్తో మనమే తవ్వి చూపిద్దామా?"

పెదనాన్నగారు కండువా దులుపుకొని బజారుకు వెళ్ళిపోయారు. రెండో పొయ్యి తవ్వలేదు.

పెళ్ళినాడు ప్రెసిడెంటుగారు, ఆయనతో మరికొందరు పెద్దలు వచ్చారు. మొదటి బంతిలో వారికి ఆకులు వేయించి, బూరె, పప్పు, కూరలు వడ్డింపజేసి, పెద్దమ్మగారు తానే వెళ్ళి పిలిచారు.

"భోజనానికి లేవండి బాబుగారూ. ఆకులు వేసేం."

"ఈవేళ ఒంటిపూటమ్మా. ఏమీ అనుకోకండి."

"మీరు పప్పన్నం అయినా తినండి."

"అబ్బే, పొట్ట కూడా బాగోలేదు. బొండాం ఉంటే ఇప్పించండి, చాలు."

బొండాలు వచ్చాయి. కాయలు దింపే ఆయన ఆ పెద్దల ఎదుటే వాటిని చెక్కి ఇచ్చాడు. తాగారు, దీవించారు, వెళ్ళిపోయారు. వడ్డించిన ఆకులు అలాగే ఉన్నాయి. పెదనాన్నగారు పందిరి గుంజ పట్టుకొని నేలచూపులు చూస్తున్నారు. ఆకులు తీసెయ్యమంటారా అని ఎవరో అడిగారు. పెద్దమ్మగారు కత్తి పట్టుకొని నిలబడ్డ ఆ కాయలు దింపే ఆయన వైపు తిరిగి, "చేతులు కడుక్కో అబ్బాయ్, చల్లారిపోతోంది" అన్నారు. ఆయన వెనక్కి తగ్గాడు. "అది ప్రెసిడెంటుగారి ఆకండీ" అన్నాడు. "ఆయన వద్దన్నారు కదా. మనం కూడా వద్దంటే వండినవాళ్ళేమయిపోవాలి?" అని, జీవితంలో మొదటిసారి మొదటి బంతిలో, ఆయన పక్క ఆకు ముందు తాను కూర్చున్నారు. ఆ పూట ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. బూరెకు గుంట మాత్రం ఎప్పటిలాగే చేశారు.

ఇంటికి వచ్చిన మనిషి తన కూతురి పెళ్ళిలో నాలుగు మెతుకులు తినాలని కోరుకున్నారు ఆవిడ, అంతే. ఆ తరువాత కూడా మా పేటలో పెళ్ళి జరిగిన ప్రతిసారీ ఆకు వేయించి పిలుస్తూనే వచ్చారు. "పిలవడం మానేస్తే తప్పు మనదవుద్ది" అనేవారు. ఆ ఓర్పు నాకు అప్పుడూ నచ్చలేదు. ఇప్పుడూ నచ్చలేదు. కాని ఆ ఓర్పు ముందు నా వాదనలన్నీ పొట్టిగా కనిపిస్తాయి.

మొన్న జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ప్రార్థన అయిన తరువాత ప్రెసిడెంటుగారు మైకు అందుకున్నారు. "సాక్షాత్తూ అన్నపూర్ణ. ఆ తల్లి చేతి భోజనం ఎరగనివాడు ఈ చుట్టుపక్కల లేడు" అన్నారు. నేను లేచాను.

"మీకు ఏ కూర నచ్చిందండీ?"

జనం నా వైపు తిరిగారు. ఆయన నెమ్మదిగా నవ్వారు. "ఇది డిబేటు కాదమ్మాయ్. కూర్చో."

నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. అంతలో పెదనాన్నగారు కుర్చీలోంచి లేచారు. ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, ఆవిడ మాటలే అన్నారు.

"భోజనానికి లేవండి బాబుగారూ. ఆకులు వేసేం."

"షుగరండీ మాష్టారూ. బయట ముట్టద్దన్నారు డాక్టరుగారు. బొండాం ఒకటి ఇప్పించండి."

కాయలు దింపే ఆయన, ఇప్పుడు తల నెరిసినవాడు, అలవాటు కొద్దీ కత్తి తీశాడు. పెదనాన్నగారు ఆయన చేయి పట్టుకొని ఆపారు.

"ఈవేళ మా ఇంట్లో బొండాలు లేవండి. భోజనమే ఉంది."

ప్రెసిడెంటుగారు కండువా సర్దుకొని వెళ్ళిపోయారు. పెదనాన్నగారు వెళ్ళి ఆఖరి బంతిలో, ఆవిడ ఎప్పుడూ కూర్చునే చివర కూర్చున్నారు. బూరె వడ్డిస్తే బొటనవేలితో గుంట చేసి, నెయ్యి కోసం పట్టుకొని ఉన్నారు. గుమ్మం పక్కన, ఆ పొద్దుటే దింపిన బొండాల గెల, ఒక్క కాయకూ కత్తి తగలకుండా, పచ్చగా అలాగే పడి ఉంది.