చూడటానికి ఆగిన చోట్లు

ఫ్రాన్స్ పల్లెల్లో మేం పరిగెత్తింది ఆరు రోజులు. నా డైరీలో వాటికి పదకొండు పేజీలున్నాయి. బయల్దేరిన సమయం, చేరిన సమయం, దూరం, ఎండ, గాలి, తాగిన నీళ్లు, అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా రోజూ రాస్తున్నాను. అన్నేళ్ల డైరీల్లో ఆ పదకొండు పేజీలు చదివినన్నిసార్లు ఇంకే పేజీలూ చదవలేదు.

నాతో వచ్చినవాడు నా స్నేహితుడు. పార్సిప్పనీలో ఒకే కాంప్లెక్స్‌లో, ఎదురెదురు బిల్డింగుల్లో ఇరవై ఏడేళ్లుగా ఉంటున్నాం. ఇద్దరం కృష్ణా డెల్టా వాళ్లం. ఇద్దరం కన్సల్టెంట్లుగా అమెరికా వచ్చాం. యాభై దాటాక ఇద్దరికీ ఒకే ఏడాది షుగర్ బయటపడింది. డాక్టర్ నడవమన్నాడు, మేం పరుగు మొదలుపెట్టాం. పరుగంటే పెద్ద పరుగేం కాదు, పక్కన ఎవరైనా వేగంగా నడిస్తే మమ్మల్ని దాటిపోతారు. ఆదివారం అతను తెలుగు చర్చికి వెళ్తాడు కాబట్టి ఆ రోజు సెలవు. మిగతా ఆరు రోజులూ లేక్ చుట్టూ ఒక చుట్టు వేసి, కార్ దగ్గర నిలబడి నేను టైం రాసుకునేవాణ్ణి. అందుకని నన్ను కరణంగారనేవాడు. ‘కరణంగారు దస్త్రం తెరిచారు, ఇక ఎవరూ అబద్ధం ఆడకండి’ అని పార్కింగ్ లాట్‌లో పదిమందికీ వినిపించేలా అనేవాడు.

ఇద్దరం రిటైరయ్యాక అతనే ఒక వీడియో చూపించాడు. ఫ్రాన్స్‌లో ఎక్కడో ఒక కాలువ గట్టు మీద ఎవరో పరిగెత్తుతున్నారు. గట్టు పక్కన వరసగా చెట్లు, మైలుకో లాకు, లాకు పక్కన చిన్న ఇల్లు. మన లాకుల్లాగే ఉన్నాయి, అచ్చం మన బందరు కాలవే అన్నాడు. మిగతాదంతా నేను చేశాను. రూట్లు వెతికాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ మంచినీళ్లు, రాత్రి ఎక్కడ పడుకోవాలి, సామాన్లు ఏ వ్యాన్‌లో ముందే వెళ్తాయి, అన్నీ ఎక్సెల్‌లో వేశాను. మా ఆవిడ ప్లేనోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్తానంది. అతని భార్య నర్సు, ఇంకా డ్యూటీ చేస్తోంది. ఆమెకి లీవు దొరకలేదు.

ఎయిర్‌పోర్ట్‌కి ఆమే డ్రైవ్ చేసింది. మమ్మల్ని దింపి, అతను సూట్‌కేసులు తీస్తుండగా నా పక్కకి వచ్చింది. అతని అన్న గుండెజబ్బుతో పోయాడని నాకు తెలుసు. ఆమె భయం అదే.

“అన్నయ్యగారూ, ఒంట్లో ఏం బాగోకపోయినా ఈయన చెప్పడు. మీరు చూసి నాకు చెప్పండి.”

చెప్తానన్నాను. నర్సుని చేసుకున్నవాడు పెళ్లిరోజు నుంచీ పేషెంటేనని అతను వెనకనుంచి నవ్వాడు.

మొదటిరోజు కాలువ గట్టే. మే నెల. అవతల ఆవచేలలాంటి పసుపు చేలు కనిపించినంత దూరం ఉన్నాయని రాసుకున్నాను, ఆ ఒక్క వాక్యమే. మూడో లాకు దగ్గర అతను ఆగాడు. లాకు తలుపులు తెరుచుకుంటే నీళ్లు ఎలా దిగుతాయో చూద్దామన్నాడు. పడవేదీ లేదు, తలుపులెవరు తెరుస్తారని అడిగాను. వస్తుందేమో చూద్దామన్నాడు. నాలుగు నిమిషాలు ఆగాం. ‘ఆగిన నిమిషాలు: 4’ అని రాశాను.

రెండోరోజు ద్రాక్షతోటల మధ్య మట్టిదారి. అక్కడ చాలాసార్లు ఆగాడు. తెల్లటి ఆవులు కనిపిస్తే కంచె పట్టుకుని నిలబడ్డాడు. రాతిగోడ మీద పూసిన ఏవో పూలకి ఫోటో తీశాడు. ‘ఆగిన నిమిషాలు: 11.’ మూడోరోజు నది వెంట. పదిహేడు. ఇరవై ఏడేళ్లలో ఈ మనిషి నన్ను ఒక్క చెట్టు పేరు అడగలేదు. అక్టోబర్‌లో ఆకుల రంగులు చూద్దామని అందరం కార్లేసుకుని కొండల్లోకి వెళ్తే, వెనక సీట్లో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఫ్రాన్స్ గాలి తగిలి కవివైపోయావే అన్నాను. నవ్వాడు. ఆ నవ్వులో మాట లేదు, ఊపిరి మాత్రమే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు కోపంగా ఉండేది. నేను వేసిన టైం ఏ రోజూ కుదరడం లేదు.

రోజూ అక్కడ సాయంత్రం భోజనాల వేళకి, ఇక్కడ ఆమె డ్యూటీకి బయల్దేరేముందు, ఫోన్ చేసేది. మొదట అతనితో మాట్లాడేది, తర్వాత నాకివ్వమనేది. బాగానే ఉన్నాడమ్మా, మీ ఆయనకి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది, ప్రతి ఆవుకీ నమస్కారం పెడుతున్నాడని చెప్పాను. ఆమె నవ్వింది. మూడు రోజులూ అదే జోకు చెప్పాను.

నాలుగో రోజు ఆదివారం, మకాం ఆ ఊళ్లోనే. అతను ఊళ్లోని పాత చర్చిలో కూర్చుంటానన్నాడు. నేను ఒక్కణ్ణే వెళ్లి నా టైం నేను చేసుకుని వచ్చాను. తిరిగొచ్చేసరికి ఇంకా లోపల బెంచీ మీదే ఉన్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను.

అయిదో రోజు కొండ మీద ఊరికి ఎక్కాలి. దారి మొదట్లో, ఊరివాళ్లు ఒకప్పుడు బట్టలుతుక్కునే రేవు ఉంది. పైన పెంకుల కప్పు, మధ్యలో రాతి తొట్టె, అందులోకి ఊటనీళ్లు. అతను ఆ తొట్టె గట్టు మీద కూర్చుండిపోయాడు. ఎండ లేదు, అయినా చొక్కా తడిసిపోయి ఉంది. ఎడమ దవడ రుద్దుకుంటున్నాడు. పంటినొప్పా అని అడిగాను.

“మీరు పదండి కరణంగారూ. ఈ నీళ్లు కాసేపు చూసి వస్తా.”

నేను వాచీ చూసుకుని వెళ్లిపోయాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. మొహం చూడలేదా అంటే చూశాను. బూడిదరంగులో ఉంది. చూసి కూడా వెళ్లాను. పైన చర్చి మెట్ల మీద కూర్చుని ‘31’ అని రాసేదాకా అతను రాలేదు. వచ్చాక, పై నుంచి ఎంత బాగుందో అన్నాడు. ఆ సాయంత్రం ఆమెకి ఆ ముప్పై ఒక్క నిమిషాలు కూడా జోకుగానే చెప్పాను. ఆరో రోజు అతను సామాన్ల వ్యాన్‌లో వస్తానన్నాడు. డైరీలో ఇలా ఉంది: ‘అతను వ్యాన్‌లో. బద్ధకం.’

తిరిగొచ్చిన రెండు వారాలకి, ఐసెలిన్‌లో ఇండియన్ షాపు నుంచి తెచ్చిన బియ్యం సంచి మోసుకుంటూ మెట్ల మీద పడిపోయాడు. ఆమె ఇంట్లోనే ఉండబట్టి బతికాడు. గుండె కండరంలో చాలా భాగం పోయిందని, కొన్ని వారాల ముందే వచ్చి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని హాస్పిటల్‌లో డాక్టర్ చెప్పాడు. ఆయాసం ఎప్పటినుంచని అడిగితే, ఇవాళేనని అతను మంచం మీదనుంచే చెప్పాడు. ఆమె నావైపు తిరిగింది.

“అక్కడేమన్నా అయిందా అన్నయ్యగారూ?”

లేదమ్మా, సీనరీ చూడటానికి అక్కడక్కడా ఆగాడంతే అన్నాను. ఫోన్‌లో చెప్పిన మాటే, ఈసారి నవ్వు లేకుండా.

“ఈయనా? సీనరీనా?” అంది.

నేను ఇంటికి వచ్చి డైరీ తీశాను. మర్నాడు ఆ పుస్తకం తీసుకెళ్లి హాస్పిటల్ క్యాంటీన్‌లో ఆమె ముందు పెట్టాను. చూపించకుండా ఉండొచ్చుననే ఆలోచన దారిపొడుగునా వచ్చింది. ఆమె చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మార్జిన్ వెంట వేలు పెట్టుకుంటూ, నాలుగు, పదకొండు, పదిహేడు, ముప్పై ఒకటి అని మెల్లగా పైకి చదివింది. ‘బద్ధకం’ అన్నచోట వేలు ఆగింది.

“ఇది పేషెంట్ చార్ట్ అన్నయ్యగారూ. నిన్నగాక మొన్న చేరిన నర్సు చూసినా పరిగెత్తుకొచ్చేది.”

గొంతు పెంచలేదు. పుస్తకం మూసి నావైపు జరిపి పైకి వెళ్లిపోయింది. తర్వాత తొమ్మిది నెలలు అవసరానికి మించి నాతో మాట్లాడలేదు. నేను తప్పు పట్టలేదు.

చలికాలంలో ఒకరోజు అతని పక్కన కూర్చుని ఉండగా అడిగాను, నిజంగా చూడటానికి ఆగావా, ఊపిరి కోసం ఆగావా అని. దాచిపెట్టింది చాలనుకున్నాడేమో, చెప్పాడు. ఊపిరి కోసమే ఆగాడట. చెప్తే నా ఎక్సెల్ అంతా పాడవుతుందని ఊరుకున్నాడట. ఆగిన తర్వాత మాత్రం ఊరికే నిలబడలేక చూశాడట. ఆ రేవు తొట్టెలో చిన్న చేపలున్నాయని, ఎర్రటి తోక ఉన్నది ఒకటి రాయి కిందనుంచి వస్తూ పోతూ ఉందని చెప్పాడు. నేను ఆ తొట్టె పక్కనే నిలబడ్డాను. నాకు చేపలేం గుర్తులేవు. చనువుగా వేళాకోళం చేశాను, టైం వేశాను. అతను నా ప్లాన్ పాడవుతుందని భయపడ్డాడంటే, ఇరవై ఏడేళ్లలో నేను అతనికి ఎలాంటి స్నేహితుణ్ణయ్యానో అర్థమై, ఆ పూట భోజనం చేయలేకపోయాను.

మార్చిలో ఆమే మా తలుపు కొట్టింది. డ్యూటీలో ఉన్నప్పుడు అతన్ని చూసుకునేవాళ్లు కావాలి. రోజూ బరువు, బీపీ, కాళ్ల వాపు రాయడానికి ఒక కాగితం తెచ్చింది. గుండె బలహీనమైతే ఒంట్లో నీరు చేరుతుంది, బరువు ఒక్కసారిగా పెరిగితే ముందు తెలిసేది అక్కడే. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. మీరు రాయడంలో లోటు చేయరు, రాసింది ఏం చెప్తోందో కూడా చూడండి అంది.

అప్పట్నుంచి నేనే వెళ్తున్నాను. పోయిన మంగళవారం అతను త్రాసు ఎక్కితే, రెండు రోజుల్లో మూడు పౌండ్లు పెరిగాడు. ముందు రోజు పచ్చడి ఎక్కువ తిన్నానని, అదేం కాదని అన్నాడు. కాగితం మీద అంకె వేయకముందే ఆమెకి ఫోన్ చేశాను. డ్యూటీ మధ్యలో నుంచి ఎత్తింది. ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకొకటి వేయమని, గంట తర్వాత మళ్లీ చెప్పమని అంది. అతను సోఫాలో కూర్చుని, పచ్చడికి కూడా ఫిర్యాదా అని గొణిగాడు. నేను మాత్ర, నీళ్లు ఇచ్చి, అతని పక్కనే గంటసేపు కూర్చున్నాను. ఊపిరి ఎలా వస్తోందో వింటూ ఉన్నాను. కాలువ గట్టు మీద ఆ నాలుగు నిమిషాలప్పుడే ఇలా వినాల్సింది.