నాడాలు కొట్టే జాకీర్

స్టేషన్ ఘన్‌పూర్‌లో జాకీర్ ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. ముప్పై ఏళ్లు అదే పని. ఎద్దును తాళ్లతో పడేసి, గిట్ట చెక్కి, ఇనుప నాడా బిగించడంలో చెయ్యి తిరిగినవాడని పేరు. ట్రాక్టర్లొచ్చి బండ్లు మూలపడ్డాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. నాలుగేళ్లుగా ఒక్క ఎద్దూ రాలేదు. భార్య సఫియా బేగం కుట్టుమిషన్ మీదే ఇల్లు నడుస్తోంది. అయినా ఎవరో ఒకరు ఎద్దును తోలుకొస్తారేమోనని ఆయన పొద్దున్నే రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు.

వానాకాలం మొదట్లో టేకుమట్ల నుంచి ఒకప్పటి గిరాకీ బుచ్చమ్మ ఫోన్ చేసింది. భర్త పోయాక ఆమె ఉన్న ఒక్క జత ఎడ్లతోనే పత్తి సాగు చేస్తోంది. ఎర్రెద్దు వెనక కాలు నేల మోపడం లేదట. గిట్టలో ఏదో దిగినట్టుంది, చెక్కి చూడాలి, పశువును పడేయడం తెలిసినవాళ్లను పిలవమని పశువుల డాక్టరు చెప్పాడట.

జాకీర్ మర్నాడే మొదటి బస్సెక్కాడు.

ఎద్దును నాలుగడుగులు నడిపించి చూశాడు. డాక్టరు వచ్చాక పడేసి, గిట్ట అడుగున సుత్తితో మెల్లగా తడుతూ పోయాడు. ఒకచోట తట్టగానే ఎద్దు కాలు గుంజుకుంది. అక్కడే పలుచగా చెక్కితే నల్లటి చీము, దాని వెంట విరిగిన తుమ్మముల్లు బయటపడ్డాయి. డాక్టరు కడిగి, మందు పెట్టి కట్టు కట్టాడు. మానేదాకా తడిలో నిలబెట్టొద్దని చెప్పి వెళ్లాడు.

పని అయిపోయినా జాకీర్ ఆ కాలును ఒళ్లోంచి దించలేదు. ఆ బరువు, ఆ వేడి ఎన్నాళ్లకో చేతికందాయి.

"మానినంక మళ్లొస్త అక్కా. నాలుగు కాళ్లకు నాడాలు కొడ్త, ఊకెనే, పైసలొద్దు" అన్నాడు.

బుచ్చమ్మ ఎద్దు మెడ నిమిరింది. "బండి కట్టుడే బంద్ జేసినం అన్నా. రోడ్డెక్కని ఎద్దుకు నాడాలెందుకు? చెల్కల గుంటుక గుంజుడే గద."

జాకీర్ తలూపి తాళ్లు చుట్టుకున్నాడు.

పదిహేను రోజులకు ఎద్దు మామూలుగా నడిచింది. అది తెలిసినా ఆయన వారానికోసారి ఫోన్ చేసి కాలు ఎట్లుందని అడిగేవాడు. ఒకనాడు ఆమె చేను గట్టు మీదుంది. కూలి మనిషి పత్తి సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలుతున్నాడని చెప్పింది.

"జర ఫోన్ అటు పట్టు అక్కా" అన్నాడు.

ఆమె పట్టింది. గాలి హోరే ఎక్కువ వినబడింది. మధ్య మధ్య ఎడ్లను అదిలించే కేక. ఎడ్లు సాలు చివరికెళ్లి మళ్లేదాకా జాకీర్ విన్నాడు.