బావగారు చెరిపేసిన హెచ్చరిక

ఆటోనగర్ దాటాక కారు అద్దంలో బావగారి స్కూటర్ కనిపించింది. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

ఆయన మా ఆయనకు అన్నగారు, పెట్రోలు కార్ల మెకానిక్. కారు లోపం చూపించే కోడ్ రీడర్ ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. ఎవరి కారులో హెచ్చరిక దీపం వెలిగినా రీడర్ తగిలించి, కోడ్ చెరిపేసి, జేబు తట్టుకుంటూ "సెరిపీసినాను, ఇంకేటి బయం?" అనేవారు.

మాది ఎలక్ట్రిక్ కారు. ఆ సాయంత్రం బ్యాటరీ నుంచి కరెంటు లీకవుతోందని తెరమీద హెచ్చరిక వచ్చింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో ఉన్నారు. కారును దారిలోనే ఉన్న బావగారి షెడ్డు దగ్గర ఆపాను. ఆయన రీడర్‌లో చాలాసేపు చూసి, కోడ్ చెరిపేశారు. జేబు మాత్రం తట్టుకోలేదు.

"షోరూమ్‌లో చూపించమంటారా బావగారూ?"

"ఏటమ్మా, నా మీద నమ్మకం లేదేటి? నాను సెరిపితే సెరిగినట్టే. ఎల్లు."

అలా అన్న మనిషి గాజువాక వచ్చినా మా వెనకే ఉన్నారు. హెచ్చరిక మళ్లీ వచ్చింది. కారు పక్కకు ఆపి పిల్లల్ని దించేశాను. ఆయన కూడా ఆగారు. స్కూటర్ మీద, కాళ్ల దగ్గర, మంటలార్పే ఎర్ర సిలిండర్ ఉంది. "నాకు తెలీదు" అన్న మాట ఆయన నోట ఎందుకు రాలేదో ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు పిల్లల్ని బడికి ఆటో ఎక్కిస్తూ చెప్పాను: "పెదనాన్న చెప్పినా సరే, ఆ కారు ఎక్కకండి. సిలిండర్ ఎందుకు తెచ్చావని మాత్రం ఆయన్ని అడక్కండి."