పూజకు ఆపిన సర్వర్

జగిత్యాలలో ఓ ప్రైవేటు రక్తనిధి కేంద్రం ఉంది. దాని లినక్స్ సర్వర్ బాగోగులన్నీ నవత ఒక్కతే చూస్తుంది. రోజూ కోరుట్ల నుంచి బస్సులో వస్తుంది. మనుషుల మాట కంటే లాగ్ ఫైళ్ల మీదే ఆమెకు గురి. సర్వర్ తనలో జరిగేదంతా తేదీ, టైముతో రాసుకుంటూ పోతుంది కదా, ఆ రాతనంతా ఆమె ఒక పద్ధతిలో పెట్టింది. ఎవరు లాగిన్ అయ్యారో ఒక ఫైలు, రక్తం సంచులుండే ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రత ఇంకో ఫైలు. వారం దాటినవి కుదించి పక్కన పెడుతుంది, మూడు నెలలు దాటినవి తీసేస్తుంది. ఇంట్లో బీరువా మాత్రం ఇంత పొందికగా ఉండదని వాళ్లమ్మ ఎత్తిపొడుస్తుంది.

అంతటి మనిషీ ఒకచోట బద్ధకించింది. వానాకాలంలో డిస్కు రెండుసార్లు నిండి సర్వర్ ఆగిపోయింది. కొత్త డిస్కు వచ్చేదాకా అని లాగ్‌లన్నీ మెమరీలోనే ఉండేలా మార్చింది. మిషన్ ఆపితే అవి పోతాయి. అందుకే రోజూ సాయంత్రం వెళ్లేముందు, రాత్రంతా అవి వేరే కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేలా పెట్టి పోయేది. సద్దుల బతుకమ్మ హడావిడిలో ఆ ఒక్క సాయంత్రం పెట్టలేదు.

మర్నాడు ఆయుధ పూజ. రాగానే తెర మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. రెండో ఫ్రిజ్ రాత్రి వేడెక్కిందట. ఇప్పుడు మామూలుగా నాలుగు డిగ్రీలే. కాసేపైతే ఫర్వాలేదు, ఎక్కువసేపైతే ఆ రక్తం ఎక్కించిన మనిషి ప్రాణానికే ముప్పు. ఎంత వేడి, ఎంతసేపు? లాగ్‌లో చూడాల్సిందే. బ్యాగు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి సర్వర్ ఆగి ఉంది. మేనేజర్ సాకేత్ రావు దానికి కుంకుమ పెడుతున్నాడు.

"ఎవరు బంద్ చేసిన్రు సార్?"

"నేనే. పూజ చేసేటప్పుడు బంద్ వెట్టాలె గదమ్మా. మా ఇంట్ల కారు సుత గంతే."

ఈ భక్తిని ఏమని తిట్టాలి! నవత మిషన్ ఆన్ చేసి వెతికింది. లాగ్ ఇప్పటి నుంచే మొదలైంది. రాత్రిది ఒక్క లైను లేదు. ఆయన్ని అని లాభం లేదు, కాపీ పెట్టనిది తనే.

"రెండో ఫ్రిజ్ సంచులు ఏవీ బయటికి పోవద్దు సార్."

"ఇప్పుడు మంచిగనే ఉంది గద! నలభై సంచులు ఊకెనే పారవోస్తమా? రుజువు చూపియ్."

అంతలో సిరిసిల్ల ఆసుపత్రి నర్సు లీల ఫోన్ చేసింది. "అక్కా, బి నెగటివ్ ఇంకో రెండు సంచులు జల్ది పంపుండ్రి. కాన్పయినామెకు రక్తం ఆగుతలేదు."

"ఇంకో రెండా?"

"పొద్దుగాల మీ బండిల అచ్చినయి ఎక్కిస్తున్నం గద."

నవత గబగబా రిజిస్టర్ తిప్పింది. ఆరింటికే పోయాయి. రెండో ఫ్రిజ్‌లోవే.

"లీలా, ఆపు! గా సంచులు రాత్రి వేడెక్కినయి."

"ఎన్ని డిగ్రీలు, ఎంతసేపని డాక్టర్ సార్ అడుగుతుండు అక్కా. ఇవి ఆపితే ఇంకేడ దొరుకుతయి?"

నవతకు ఏడుపు ముంచుకొచ్చింది. "నాకు తెల్వది. నా దగ్గర ఏం లేదు. ఆపుండ్రి."

లీల అటు ఎవరితోనో మాట్లాడి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చింది.

"మొదటిది అయిపోయింది అక్కా. రెండోది సగమయింది."