ట్యాంకు మూత తీసిన ఆదివారం

బెంగళూరు పక్కనున్న హెబ్బగోడిలో నేను నర్సుగా పనిచేసే క్లినిక్కుకి విరేచనాలతో వచ్చేవాళ్లలో చాలామంది ఒకే వీధివాళ్లు. అక్కడికి వెళ్లి మంచినీళ్ల మీద అవగాహన కార్యక్రమం పెట్టమని మా డాక్టరమ్మ నాకు అప్పజెప్పారు. వారం రోజులు కూర్చుని చార్టులు రాశాను. బ్యాక్టీరియా బొమ్మకి రంగులు కూడా వేశాను.

ఆదివారం మధ్యాహ్నం ఒక మూడంతస్తుల బిల్డింగు వరండాలో మొదలుపెట్టాను. అన్నీ అద్దె గదులే. ఉండేది గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు, ఎక్కువమంది అనంతపురం, కర్నూలు వైపువాళ్లు. వాళ్లకి వారానికి దొరికేది ఆ ఒక్క సెలవు. మర్యాదకి కూర్చున్నారు. పావుగంటకల్లా ఒకమ్మాయి గోడకి ఆనుకుని నిద్రపోయింది. అయినా నేను ఆపలేదు.

ఆ బిల్డింగులో రోజూ మోటారు వేసేది కింది గదిలో ఉండే పెద్దావిడ, ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. ఆమె చెయ్యెత్తింది. "ఇంతసేపు చెప్తాండావు సిస్టరమ్మా, మా ట్యాంకులో ఏముండాదో చూసినావా?"

చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే రా, పోదాం."

నిద్రపోతున్న పిల్లతో సహా అందరూ లేచారు. మేడమీద ట్యాంకు మూత ఇద్దరు పట్టి లాగితే వచ్చింది. ఫోను లైటు వేసి ఒకరి తర్వాత ఒకరం తొంగి చూశాం. అడుగున బురద, గోడలకి పాచి, పైన తేలుతూ ఒక షటిల్ కాక్.

"అక్కా, మేం తాగేది ఇవేనా?" అంది ఒకమ్మాయి.

అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. ఎలా కడగాలి, బ్లీచింగ్ ఎంత వెయ్యాలి, కాచిన నీళ్లు దేంట్లో పెట్టుకోవాలి. అన్నీ నేను కింద చెప్పినవే. కానీ ఇప్పుడు అడుగుతున్నది వాళ్లు. నాకు పట్టలేనంత సంతోషమేసింది.

మరుసటి ఆదివారం ట్యాంకు ఖాళీ చేశాం. అందరికంటే సన్నగా ఉన్నమ్మాయి చీపురుతో లోపలికి దిగింది. సందడి విని ఓనరు పైకొచ్చాడు. "ఎవర్నడిగి మూత తీసినారు?"

"అరవద్దప్పా. నువ్వూ ఒకసారి తొంగి చూడు," అంది పెద్దావిడ.

చూశాడు. ప్యాంటు మడిచి బకెట్ అందుకున్నాడు. పైపు పట్టుకున్న అమ్మాయికి చెయ్యి జారిందో, కావాలనే చేసిందో, ఆయన తల నుంచి కాళ్లదాకా తడిసిపోయాడు. అందరం బిగుసుకుపోయాం. ముందు ఆయనే నవ్వాడు. ఇక ఆ తర్వాత పొడిగా మిగిలినవాళ్లు లేరు.

తడిబట్టలతోనే బస్సెక్కాను. "ఎల్లి మళె మేడం?" అన్నాడు కండక్టరు, వాన ఎక్కడ పడిందని. నవ్వాపుకోలేక టికెట్ అడగడం మర్చిపోయాను.

సోమవారం కార్యక్రమం మళ్లీ రాశాను. ముందు వాళ్ల నీళ్లు వాళ్లతో కలిసి చూడాలి, వాళ్లు అడిగేదాకా పాఠం చెప్పకూడదు. డాక్టరమ్మ చదివి, "అర పేజీయేనా?" అన్నారు.

"మిగతాది వాళ్లే చెప్తారు మేడం," అన్నాను.

పక్క బిల్డింగుకి పెద్దావిడని వెంటబెట్టుకుని వెళ్లాను. మెట్లెక్కుతూనే అక్కడి ఆడవాళ్లతో మాట కలిపింది. ఆ పూట నాకు నోరు తెరిచే అవకాశమే రాలేదు. హాయిగా పక్కన నిలబడి విన్నాను.