రొట్టెకి చిల్లులు పొడిచిన మనిషి

మా పిన్ని బ్రైనా కుష్నిర్ ఇరవై రెండేళ్ళపాటు రొట్టెలకి చిల్లులు పొడిచింది. బాతర్స్ట్ వీధి వెనక, మా యూదుల పస్కా పండక్కి పులియని రొట్టెలు చేసే బేకరీలో ఆవిడ పని అదే. పిండిలో నీళ్ళు పడ్డ క్షణం నుంచి పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాలి బయటికి రావాలి, లేదంటే పులిసినట్టే లెక్క, పులిసింది ఏదైనా ఆ పండక్కి నిషిద్ధం. పలచగా సాగిన పిండి మీద పళ్ళున్న రోలరు నడిపించడం పిన్ని వంతు. చిల్లులు పడనిచోట రొట్టె బుడగలా పొంగుతుంది. అలా పొంగిన రొట్టెని పక్కన పారేస్తూ పిన్ని తిట్టే తిట్లు వీధి చివరిదాకా వినపడేవి.

మా తాతయ్య పోలండ్‌లో చిన్నపిల్లలకి హీబ్రూ చెప్పే పంతులు. కొడుకులు లేక కూతుళ్ళకే లేఖనాలు నేర్పాడు. మా అమ్మకి చదువు అంటలేదు. పిన్నికి అంటింది. యెషయా ప్రవక్త గ్రంథం మొత్తం ఆవిడకి నోటికొచ్చు. తప్పు చదివినవాడు ఎవడైనా సరే, ఆఖరికి మా మతగురువు రబ్బీ అయినా సరే, అక్కడికక్కడే కడిగేసేది.

పక్కింటి మార్లీన్ క్రైస్తవురాలు. ప్రతి మంగళవారం ఇద్దరూ కూర్చుని పేకాడేవాళ్ళు. ఒక ఏప్రిల్‌లో ముక్కలు పంచుతూ మార్లీన్ అంది:

"బ్రైనా, మా చర్చిలో పస్కా విందు పెడుతున్నారే. నిజమైన యూదు మనిషి ఒకళ్ళుంటే బాగుంటుందని పాస్టరు గారి కోరిక."

"పస్కా మీకెందుకే?"

"యేసు చేశాడు కదా."

"ఆయన సున్నతి కూడా చేయించుకున్నాడు. దానికీ విందు పెడతారా?"

అయినా వెళ్ళింది. చూద్దామన్న కుతూహలం. కారు నడిపింది నేనే కాబట్టి జరిగిందంతా కళ్ళారా చూశాను.

బల్లల మీద పులియని రొట్టెలు పెట్టారు. వాటి పక్కనే వెన్న రాసిన మెత్తటి బన్నులు. పులిసినవి! పిన్ని ఆ బన్నుల వంక చూసి, నా వంక చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పాస్టరు డ్వైట్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. మంచి గొంతు. ఒక రొట్టె దీపానికెదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

"చూడండి, ఈ చారలు యేసు పొందిన దెబ్బలు. ఈ చిల్లులు ఆయన్ని పొడిచిన గాయాలు. మూడు వేల ఏళ్ళుగా యూదులు దీన్ని చేతుల్లో పట్టుకుంటున్నారు, తాము పట్టుకున్నదేమిటో వాళ్ళకి తెలీదు!"

హాలంతా ఆమెన్ అంది. పిన్ని లేచి నిలబడింది.

"బాబూ, ఆ చిల్లులు పొడిచింది నేను."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"ఇరవై రెండేళ్ళు పొడిచాను. పొంగకుండా పొడుస్తాం. చారలు పొయ్యిలో మాడితే వస్తాయి. చివర్లో మా యజమాని ఒక మిషను కొన్నాడు, ఆ మిషను వచ్చాకే ఇంత తిన్నగా వస్తున్నాయి. మా అమ్మమ్మ చేత్తో చేసిన రొట్టె వంకరటింకరగా ఉండేది. మరి దాంట్లో మీ దేవుడు లేడా? మిషను కొన్న రోజే వచ్చాడా?"

"అమ్మా, నేను చెప్పేది ఆత్మసంబంధమైన అర్థం..."

"అర్థం తర్వాత చెబుదువుగాని. ముందు ఆ బన్నులు తీయించు."

మార్లీన్ ముఖం కందిపోయింది. పిన్ని కోటు వేసుకుని బయటికి నడిచింది. దారంతా కారులో తిడుతూనే ఉంది.

రెండు రోజులకి డ్వైట్ పూలు పట్టుకుని ఇంటికొచ్చాడు. ధైర్యం ఉన్నవాడే. టీ తాగి, యెషయా యాభై మూడో అధ్యాయం తీశాడు. అందులో నలిగిపోయిన సేవకుడు యేసేనని వాళ్ళ నమ్మకం; ఆ సేవకుడు ఎవరో మీరే చెప్పండన్నాడు.

పిన్ని తన హీబ్రూ పుస్తకం అతని ముందు పెట్టింది. "చదువు."

అతను కాలేజీలో ఏడాది హీబ్రూ నేర్చుకున్నాడట. మొదటి వాక్యంలోనే మూడుసార్లు ఆగాడు.

"మా నాన్న దగ్గర అయిదేళ్ళ పిల్లాడు ఇలా చదివితే చెవి మెలిపెట్టేవాడు. సరే, వెనక్కి తిప్పు. నలభై ఒకటో అధ్యాయం. 'నా సేవకుడవైన ఇశ్రాయేలూ' అని ఉందా? నలభై నాలుగు చూడు. నలభై తొమ్మిది చూడు. దేవుడు మా జాతినే పేరు పెట్టి పిలుస్తున్నాడు కదయ్యా! ఇన్నిసార్లు చెప్పాక కూడా ఎవరో ఎవరో అని ఊరంతా వెతుకుతావేం?"

డ్వైట్ పుస్తకం మెల్లిగా మూశాడు. "మీ హృదయాల మీద ముసుగుందని, అందుకే సత్యం కనపడదని మా బైబిల్లో పౌలు రాశాడమ్మా. మిమ్మల్ని ప్రేమిస్తున్నాం కాబట్టే చెబుతున్నాను."

పిన్ని గొంతు అప్పుడు తగ్గింది. నాకు భయమేసింది, ఆవిడ గొంతు తగ్గడం ఎప్పుడూ వినలేదు.

"పుస్తకం మాది. భాష మాది. రాసినవాడు మావాడు. ముసుగు కూడా మాకేనా? ఈస్టర్ వారం వస్తే మా నాన్న ఊళ్ళో పగలే తలుపులకి గడియలు పెట్టుకునేవాళ్ళు. చర్చిలో ఈ అధ్యాయం విని బయటికొచ్చినవాళ్ళ ప్రేమకి భయపడి. టీ అయిందా? వెళ్ళిరా."

పూలు కూడా తిరిగిచ్చేసింది.

మరుసటి ఏడు ఆ విందుకి మేం వెళ్ళలేదు. తర్వాతి మంగళవారం మార్లీన్ ఆ సంగతి నసుగుతూ చెప్పింది.

"పాస్టరు గారు నీ గురించి చెప్పాడు బ్రైనా. ఒక యూదు సోదరి తెలియకుండానే సత్యం పలికింది అన్నాడు. పొంగకుండా చిల్లులు పొడుస్తాం అందట. పొంగేది మన గర్వమట, అది పొంగకుండా యేసు పొడిపించుకున్నాడట. అందరూ ఏడ్చారే."

పిన్ని పేకముక్కలు బోర్లించింది. నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళొచ్చేదాకా, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"బతికున్నదాన్నే! పక్క వీధిలోనే ఉన్నదాన్ని! నా మాటకే ఇంత గతి పట్టించాడంటే, ఎప్పుడో పోయిన యెషయా ఏం చేసుకుంటాడే, పాపం!"

"కోపమా నా మీద?" అంది మార్లీన్.

"నీ మీద ఎందుకే? నువ్వు పేక దొంగాట ఆడతావు గానీ, అది దేవుడు ఆడించాడని చెప్పవు. పంచు."

మార్లీన్ చర్చికి వెళ్ళడం మానలేదు. పిన్ని ఆవిడతో పేకాడడం మానలేదు. డ్వైట్ మాత్రం వీధిలో పిన్ని కనబడితే అవతలి పక్కకి దాటేవాడు. ఆవిడ ఊరుకుంటుందా? చేతిసంచీ ఊపుకుంటూ తనూ దాటేది. "ఏం బాబూ, ఎంతవరకొచ్చింది హీబ్రూ?" అని అందరికీ వినపడేలా అడిగేది.