పిండిమర వదిన టేపు

ఆమెను వీధంతా పిండిమర వదిన అంటారు. వయసులో పెద్దవాళ్లు కూడా వదినే అంటారు, ఆ నోటికి జడిసి. రెండు కొండల నడుమ లోయలో వాళ్ల ఇళ్లు, ఇళ్ల మధ్య అందరూ తాగే బావి. బావిలో నీళ్లెంత ఉన్నాయో చూసే పని వదినది. టేపు చివర సుద్ద రాసి ఎప్పుడూ ఒకే లోతుకు దింపుతుంది. సుద్ద ఎంతమేర తడిస్తే నీళ్లు అంత ఉన్నట్టు.

కరెంటు తీసేసే రోజునే ఈ పని పెట్టుకునేది. ఆరోజు మర తిరగదు, చేతులు ఖాళీ. చూసినప్పుడల్లా సుద్ద నిండా తడిసేది.

"చేద అందట్లేదు వదినా" అని ఆడవాళ్లు మొత్తుకుంటే, "తాడు కురచ తెచ్చుకుని బావిని తిడతారేంటే!" అని నోరు మూయించేది.

ఓసారి మర బెల్టు తెగింది. కరెంటున్న రోజు తీరిక దొరికింది. టేపు దింపితే సుద్ద పొడిపొడిగా పైకొచ్చింది. బావికి మోటారే లేదాయె, మరి కరెంటుతో దానికేం పని? చెవి ఒగ్గి విన్నది. కాస్త ఎగువన తమ్ముడి నిమ్మతోటలో బోరు మోటారు మోగుతోంది.

తమ్ముడేమో బోరు సన్నగా పోస్తోందని, ఇంకా లోతుకు వేయించడానికి మర్నాటికి బోరు బండిని పిలిచి ఉన్నాడు.

"ఒరేయ్, మోటారు ఆపు."

"చెట్లు చస్తుంటే నీకు ఆటలా అక్కా?"

"ఆపరా వెధవా, చెప్తా."

ఆపాడు. బావి గట్టున కూర్చున్నారు. మధ్యాహ్నానికి సుద్ద తడిసింది. మోటారు వేయించింది, సాయంత్రానికి మళ్లీ పొడి.

"ఇదేం మాయే?"

"ఒకే గిన్నెలో ఇద్దరం చెరో పక్క తోడుతున్నాం. నువ్వింకా లోతుకు పోతే వీధి ఏం తాగుతుంది?"

"పోకపోతే నా తోటో?"

వదిన టేపు చుట్టడం మొదలెట్టింది.

తమ్ముడు టేపు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునే, పైన మా ఆవిడ అన్నగారు మిరపతోటకు మోటారేస్తే నా బోరు ఏమవుతుందో?"

"పోయి ఆపమను."

"తిడతాడే!"

"తిట్టనీ. అలిసిపోయాక ఎందుకని అడుగుతాడు."

బోరు బండిని రావద్దన్నాడు. మర్నాడు ఆ మిరపతోట బావగారు తనివితీరా తిట్టి, మోటారు ఆపి, తనే ముందు నడిచాడు చూద్దామని. కాసేపటికి తమ్ముడి బోరు లావుగా పోసింది.

ఇప్పుడు మోటార్లు వంతులవారీగా తిరుగుతాయి. నిమ్మతోట సగమే నిలిచింది. ఎండిపోయిన సగానికి తమ్ముడు ఇప్పటికీ అక్కను సాధిస్తూనే ఉంటాడు, తన వంతు మాత్రం దాటడు.